తాళం వేసిన ఇళ్లు: కోనసీమ శివారు ఊరిలో ఆరోగ్య అవసరాల లెక్క

ఊరి ఆరోగ్య అవసరాల సర్వే మొదటి విడత అయిపోయాక ఏఎన్ఎం (ఊరి నర్సు) గారు ఆరోగ్య కేంద్రంలో నా బల్ల మీద రిజిస్టరు పెట్టారు. పేరు, వయసు, బీపీ, షుగరు అన్నీ వరసగా, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. చివరి గడిలో మాత్రం పేజీకి నాలుగైదు చోట్ల ఒకే మాట: "తాళం". పేట వైపు పేజీల్లోనైతే ఆ మాట పైనుంచి కిందిదాకా ఉంది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. తాళం ఇళ్లు పక్కన పెట్టి, మనుషులు దొరికిన ఇళ్లతోనే లెక్క కట్టి, ఊరి అవసరాలు ఇవీ అని పై ఆఫీసుకి పంపేశాను. ఆ పొరపాటు ఎలా తెలిసింది, దిద్దుకోవడానికి ఏం చేశాం అన్నదే ఈ కేసు.

ఊరి పేరు రాయను. మా లెక్కల అంకెలూ ఇక్కడ పెట్టను. చిన్న ఊరు, అంకె చెబితే ఎవరింటి సంగతో ఇట్టే తెలిసిపోతుంది.

ఊరు వైనతేయ పాయకు దగ్గర్లో, పంట కాలువ శివారున ఉంది. కోనసీమ పటం చూసినవాళ్లకి తెలుస్తుంది: అటు గౌతమి, ఇటు వశిష్ఠ, దిగువన సముద్రం. ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ నేలకి రెండు పంటలు దక్కాయి. కాలువ తల దగ్గర ఉన్నవాడికి నీళ్లు ముందు, శివారు వాడికి చివర. పొలానికి వర్తించే ఈ సూత్రం మంచినీటికీ, మందులకీ కూడా వర్తిస్తుందని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. మెరక మీద అసలు ఊరు, కొబ్బరి తోటలు. మురుగు కాలువ ఒడ్డున పేట. రేవు దాటితే ఏటి మధ్య లంకలో కొన్ని ఇళ్లు. ఒకప్పుడు సార్వా, దాళ్వా పండిన చేలల్లో కొన్ని ఇప్పుడు రొయ్యల చెరువులు.

మొదటి సర్వేకి మాకున్న పనిముట్టు సీబ్యాక్ ఫారం, బీపీ, షుగరు లాంటి జబ్బుల ముప్పు ఎవరికుందో ముందే పట్టుకునే ప్రశ్నల కాగితం. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ వయసు, పొగ, మందు, నడుం చుట్టుకొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా అని అడిగి మార్కులు వేస్తాం. నాలుగు దాటితే ముందుగా పరీక్ష చేయాలి. మంచి ఫారమే. కాకపోతే అది నింపాలంటే మనిషి ఇంట్లో ఉండాలి.

మేం వెళ్లింది ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా. ఆ వేళకి అరుగుల మీద ముసలివాళ్లు, పుట్టింటికి వచ్చిన గర్భిణులు, సొంత తోటలున్న రైతులు దొరికారు. ఏ సమస్యని ముందు పట్టించుకోవాలో తేల్చే హాన్లన్ పద్ధతిలో, వాళ్లు చెప్పినదానికి మార్కులేసి చూశాను. ఎంతమందికి ఉంది, ఎంత తీవ్రం, మన దగ్గరున్న వైద్యం ఎంత పని చేస్తుంది అని సమస్యకి మూడు మార్కులు. తీవ్రతని రెట్టింపు చేసి మొదటి మార్కుకి కలిపి, ఆ మొత్తాన్ని మూడోదానితో గుణించాలి. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు, దోమలు అన్న వరస వచ్చింది.

ఆ జాబితాలో అబద్ధమేం లేదు. బీపీ పైన ఉండటం ఈ ప్రాంతానికి కొత్తా కాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో జరిగిన ప్రతి చావుకీ ఇంటికెళ్లి కారణం అడిగి రాసిన ఒక అధ్యయనం 2006లో అచ్చయింది. వందలో 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. గాయాలు, ప్రమాదాలు, ఆత్మహత్యలు కలిపి 13. అంటురోగాలు 12. పల్లెటూరి జబ్బంటే విరేచనాలు, జ్వరాలే అని చదువుకుని వచ్చిన నాలాంటివాళ్లకి అది చెంపపెట్టు. అయితే పక్షవాతం వచ్చి మంచాన పడేవాళ్లందరూ అరుగు మీద కూర్చున్న తాతలు కారు. నలభై దాటని కూలీలూ ఉంటారు. వాళ్లెవరూ నా రిజిస్టరులో లేరు.

అది నాకు చెప్పింది పేటలో ఒకావిడ. రామాలయం దగ్గర మీటింగు పెట్టి, బీపీ మాత్ర మానకూడదని నేను ఉపన్యాసం దంచుతున్నాను. ఆవిడ చివర్లో నిలబడి విని, వెళ్లబోతూ అన్నారు:

"ఆయ్, మీరొచ్చేది పదింటికండి. మేం ఎల్లేది అయిదున్నరకండి. మాత్రలెవరికిత్తారండి, తాళాలకా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక రిజిస్టరు తీసి చూస్తే నవ్వు రాలేదు.

బోదకాలు సర్వే సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ జబ్బుకి రక్తం రాత్రి ఎనిమిది దాటాకే తీస్తారు. పురుగు పిల్లలు రక్తంలోకి ఎక్కువగా వచ్చేది రాత్రిపూటే కాబట్టి, టార్చిలైట్లు పట్టుకుని మనవాళ్లు అర్ధరాత్రి దాకా ఇల్లిల్లూ తిరిగారు. పురుగు టైముకి మనం వెళ్తాం. మనిషి టైముకి మాత్రం వెళ్లం.

రెండో విడత

మూడు వేళలు పెట్టుకున్నాం. తెల్లవారుజామున, రొయ్యలు శుభ్రం చేసే షెడ్డుకి కూలీల్ని తీసుకెళ్లే వ్యాన్లు ఆగే సెంటరు. మధ్యాహ్నం కొబ్బరి ఒలుపు జరిగే కళ్లాలు. రాత్రి ఏడు తరవాత పేట, ఆదివారం లంక. చెప్పడం తేలికే. మా ఆశా అక్కకి నెలకి 10,000 రూపాయల పారితోషికం, ఇంట్లో ఇద్దరు పిల్లలు. అయిదింటికి రమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే ముందుకొచ్చి, "నేనొత్తానండి, మధ్యాన్నం రిపోర్టు మీటింగులకి పిలవకండి" అని బేరం పెట్టారు. ఆ బేరం ఒప్పుకోవడమే ఈ మొత్తం పనిలో నేను చేసిన తెలివైన పని అనుకుంటాను. నెలకి రెండు మీటింగులు ఆవిడకి తప్పించాను. ఏ పనీ ఆగలేదు.

వ్యాను సెంటర్లో కనిపించింది వేరే ఊరు. వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే, చాలామంది ముప్ఫై, నలభైల్లో ఉన్నవాళ్లు. చేతిలో క్యారేజీ, అందులో అన్నం, ఎండు చేపో ఆవకాయో. "బీపీ ఉందా?" అని అడిగితే సిగ్గుపడకుండా "ఉందండి, మాత్రల్లేవండి" అన్నవాళ్లే ఎక్కువ. అంటే జబ్బు గురించి తెలియక కాదు, నా ఉపన్యాసం వాళ్లకి అక్కర్లేదు. మాత్రల కోసం రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. తీరా వస్తే మా దగ్గర పది రోజులకి ఇస్తున్నాం. అంటే నెలకి మూడు కూలి రోజులు. ఉచిత మాత్ర ఖరీదు నేనెప్పుడూ అలా లెక్కేసుకోలేదు.

షెడ్డు పని సంగతులు వాళ్లు మెల్లగా చెప్పారు. రోజంతా ఐసులో చేతులు. వేళ్ల సందుల్లో పాచిపోవడం, గోళ్ల చుట్టూ చీము. నిలబడే పని కాబట్టి కాళ్ల వాపులు. మధ్యలో బాత్రూముకి వెళితే లెక్క తగ్గుతుందని నీళ్లే తాగరు, దాంతో మూత్రంలో మంట. ఇవి మా నెలవారీ రిపోర్టులో ఏ గడిలోకీ రావు. ఇంక రక్తం సంగతి చెప్పాలా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత. మనం ఐరన్ మాత్రలు గట్టిగా ఇచ్చేది గర్భిణులకి, బడి పిల్లలకి. కాన్పులు అయిపోయి, పనికెళ్లే నలభై ఏళ్ల మనిషికి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుందో లేదో చూసేదెవరు?

ఇంకొకటి. వయసు నలభై కూడా లేనివాళ్లు "సంచి తీయించేసుకున్నానండి" అని మామూలుగా చెప్పేస్తారు, పళ్లు పీకించుకున్నట్టు. గర్భసంచి ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో మనది ముందుంటుందని ఆ సర్వేలే చెబుతున్నాయి. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువవుతోందనో వెళితే "తీసేస్తే పీడా పోతుంది" అన్న సలహా. షెడ్డు పనికి నెలసరి అడ్డం అనుకున్నవాళ్లూ ఉన్నారు. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయని, గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని వాళ్లకి ముందు ఎవరూ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులని మొదటి సర్వేలో రాసుకున్నాం కదా, అందులో ఈ కథ ఎంతుందో మేం అడగలేదు.

కళ్లాల దగ్గర మగవాళ్లు. దింపు తీసేవాళ్ల, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు కోసేవాళ్ల ఛాతీ మీద, అరిపాదాల మీద చెట్టు ఒరిసిన కాయలు చూస్తేనే ఏ పనో తెలిసిపోతుంది. వాన పడ్డాక చెట్టు జారుతుంది. పడితే వెన్నెముకే. అలా పడి నడుం కింద చచ్చుబడిన ఒకతని ఇంటికి ఆ సాయంత్రం వెళ్లాం. మొదటి విడతలోనూ ఆ ఇంటికి వెళ్లామట. భార్య ఒలుపు పనికి వెళుతూ బయట గొళ్లెం పెట్టి వెళ్లింది. రిజిస్టరులో ఏముందో చెప్పక్కర్లేదు. లోపల మనిషి ఉన్నాడు. వీపు కింద పుండ్లు ఎముక దాకా ఉన్నాయి.

తాళాల్లో ఇంకో రకం ఉంది: గల్ఫ్ తాళం. కువైట్, మస్కట్‌లకి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఈ జిల్లాల్లో లెక్కకి చాలామంది. పిల్లలు అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో. షుగరున్న ముసలావిడ మనవల్ని బడికి పంపాలి, రేషన్ తేవాలి, నెల మధ్యలో డబ్బు రాకపోతే అప్పు చేయాలి. ఆవిడ తన మాత్ర సగం విరిచి వేసుకుంటుంది, ఎక్కువ రోజులు వస్తాయని.

చింతపిక్కలు

మాటలతో అడిగితే ముందు గట్టిగా మాట్లాడేవాళ్లదే రాజ్యం. అందుకని బొమ్మలు గీసిన అట్టముక్కలు నేల మీద పరిచి, మనిషికి పది చింతపిక్కలిచ్చి, మీకు ఏది పెద్ద బాధో దాని మీద పెట్టమన్నాం. ఊరు, పేట, లంక, మూడు చోట్లా విడివిడిగా. ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు.

మెరక మీద ఊళ్లో పిక్కలు బీపీ, షుగరు, దోమల మీద పడ్డాయి. వాళ్లు వాటర్ టిన్ను కొనుక్కుంటారు, నీళ్ల అట్ట వాళ్లకి కనబడలేదు. పేటలో ఆడవాళ్లు నీళ్ల మీద గుప్పెళ్లతో పోశారు. లంకలో పడవ మీద. అసలు పడవ బొమ్మ మా అట్టల్లో లేదు, వాళ్లే చాక్‌పీసుతో గీశారు. పక్షవాతం వచ్చినవాడికి రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే చేయాలి. రాత్రి పడవ కట్టేశాక వస్తే ఆ గంటలన్నీ రేవులోనే అయిపోతాయి. 2022 జులై వరదలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా నీరు వదిలినప్పుడు లంకల్లో గర్భిణుల్ని ముందే తరలించిన అనుభవం జిల్లాలో అందరికీ ఉంది. వరద లేని రాత్రికి మాత్రం ఏర్పాటు లేదు.

మగవాళ్ల పిక్కల్లో తాగుడు అట్ట మీద ఒక్కటీ లేదు. ఆడవాళ్లవి ఉన్నాయి, చాలానే. ఆత్మహత్య అట్ట మీద ఎవరూ ఏమీ పెట్టలేదు. 2006లో అచ్చయిన ఆ అధ్యయనంలో గాయాల చావుల్లో మూడో వంతు ఆత్మహత్యలే. ఆ అట్టని ఎవరో ఒకరు మెల్లగా తిరగేసి పెట్టారు. పిక్కలు లేనంత మాత్రాన బాధ లేదనుకోకూడదని ఆ తిరగేసిన అట్ట చెప్పింది.

బోదకాలు అట్ట మీద కూడా సున్నా. కాలు లావైనవాళ్లు మీటింగుకి రారు కదా.

ఏం ఎంచుకున్నాం

మూడే. ఎక్కువ పెట్టుకుంటే ఏదీ అవ్వదని పంచాయతీ పెద్దాయనే అన్నారు, నాకూ నిజమనిపించింది.

మొదటిది మాత్రలు. వారానికి రెండు రోజులు అయిదుంపావు నుంచి వ్యాను సెంటర్లో బల్ల, ముప్ఫై రోజుల మాత్రలు ఒకేసారి. ఇందులో ఒక చిక్కు వచ్చింది. పరుగెత్తుకొచ్చిన మనిషికి, పక్కన వ్యాను హారన్ కొడుతుండగా బీపీ చూస్తే ఎక్కువే చూపిస్తుంది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చూడాలని పుస్తకం చెబుతుంది, డ్రైవరు ఒప్పుకోడు. అందుకని కొత్త జబ్బు తేల్చడం సెంటర్లో మానేశాం. అక్కడ మాత్రలివ్వడం, పాతవాళ్లని పలకరించడం వరకే. 140/90 దాటిందని అనుమానం ఉన్నవాళ్లకి రాత్రి ఇంటికెళ్లి, వేరువేరు రోజుల్లో రెండుసార్లు చూసి, అప్పుడు బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. "తగ్గింది కదా, మానేయనా?" అని ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి తగ్గింది అని ప్రతి వారం చెబుతాం. ఉప్పు సంగతి చెప్పడం మాత్రం నాకు రాలేదు. ఆవకాయ మానమంటే మొహం తిప్పేసుకున్నారు. ఎండు చేపని రెండుసార్లు కడిగి వండమని ఆశా అక్క చెప్పారు, అది విన్నారు.

రెండోది నీళ్లు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఈ మధ్యలో చెరువులో నింపుకున్న నీళ్లే దిక్కు. చెరువు అడుగంటే కొద్దీ రంగు మారుతుంది. ట్యాంకులో బ్లీచింగ్ వేస్తున్నామని పంచాయతీ వాళ్లు అంటారు, అబద్ధం కాదు. పేటలో ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలకి క్లోరిన్ చూసే చిన్న పెట్టె ఇచ్చాం. గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. గంట తరవాత కూడా లీటరుకి 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలన్నది లెక్క. ట్యాంకు కింద కుళాయిలో పసుపు బాగానే వచ్చింది. మధ్య వీధిలో లేతగా వచ్చింది. పేట చివరి కుళాయిలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. పిల్లలు ప్రతి ఆదివారం ఆ మూడు రంగుల్నీ కమ్యూనిటీ హాలు గోడ మీద రాశారు. నాలుగో వారానికి గోడ చూసి ఫిట్టరు తనంతట తానే వచ్చినట్టు వచ్చాడు. పైపు మురుగు కాలువని దాటే చోట జాయింటు కారుతోంది. నీళ్లు వదిలినప్పుడు బయటికి కారుతుంది, ఆపినప్పుడు మురుగుని లోపలికి పీలుస్తుంది. క్లాంపు వేశారు. నేను రాసిన మూడు ఉత్తరాలకి కదలని పని గోడ మీద రాతకి కదిలింది.

చెరువు అడుగంటే సమస్య అలాగే ఉంది. అది పంచాయతీ చేతిలోదీ కాదు, నా చేతిలోదీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో కాచి చల్లార్చిన నీళ్లు తాగండి అని చెబుతాం. గ్యాసు ధర తెలిసినవాళ్లెవరూ ఆ మాట గట్టిగా చెప్పలేరు.

మూడోది బోదకాలు. ఇది పిక్కల్లో లేదు, హాన్లన్ మార్కుల్లోనూ అట్టడుగున ఉంది. నేనే పట్టుబట్టి పెట్టాను, తప్పో ఒప్పో నాదే. డెల్టాలో ఇది తాతల నాటి జబ్బు. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ, ఇంటి వెనకే మురుగు కాలువ. 2004 నుంచి ఏటా ఊరందరికీ బోదకాలు పురుగుని చంపే డీఈసీ మాత్ర, తరవాత దాంతోపాటు నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ మింగించడం వల్ల కొత్తవాళ్లకి రావడం తగ్గింది. ఇప్పటికే లావైన కాలు ఆ మాత్రలతో తగ్గదు. వాళ్లకి కావాల్సింది చవకైన పని: రోజూ సబ్బుతో, మామూలు నీళ్లతో కాలు కడగడం, మడతల్లోనూ వేళ్ల మధ్యా తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దడం, పాచిన చోట ఆయింట్‌మెంటు, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవడం. ఇంతే. ఇది చేస్తే గజ్జల్లో బిళ్లలు కట్టి చలిజ్వరం వచ్చే పోట్లు తగ్గుతాయి. పోటు వచ్చిన ప్రతిసారీ వారం కూలి పోతుంది, కాలు ఇంకాస్త లావవుతుంది.

రాత్రిపూట వెళ్లాం కాబట్టి తలుపు తీశారు. ఒక పెద్దావిడ, ఏఎన్ఎం గారు టబ్బులో తన కాలు పెట్టి కడుగుతుంటే వద్దు వద్దని చేతులు పట్టుకున్నారు. పెళ్లయ్యాక ఆ కాలుని ఇంకొకరు ముట్టుకోవడం అదే మొదలట. కడగడం నేర్చుకున్నారు. నెల తరవాత తనే పక్క వీధిలో ఉన్న మరో ఇద్దరి పేర్లు చెప్పారు. మా రిజిస్టరులో ఆ ఇద్దరూ లేరు.

కానివి

రొయ్యల షెడ్డు వాళ్లతో మాట్లాడితే గ్లవ్సులు ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. గ్లవ్సులతో చేయి తొందరగా ఆడదు, కేజీల లెక్కన కూలి కాబట్టి ఆడవాళ్లే తీసేశారు. బాత్రూము విరామం సంగతి ఎత్తితే మాట మార్చారు. అక్కడ నేను ఓడిపోయాను. మూత్రంలో మంటకి మందు రాస్తున్నాను, కారణం అలాగే ఉంది.

దింపు కార్మికులకి కొబ్బరి అభివృద్ధి బోర్డు వారి కేర సురక్ష బీమా ఉందని తెలిసి దరఖాస్తులు పెట్టించాం. పడ్డాక డబ్బు వస్తుంది, పడకుండా ఉండటానికి కాదు. మంచాన ఉన్న ఆయన పుండ్లు వారానికి రెండుసార్లు కట్టు మార్చాక ఒకటి పూర్తిగా మానింది, రెండోది మొండికేసింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, భార్య పనిలో ఉన్నప్పుడు తిప్పేదెవరు? పక్కింటి కుర్రాడు మధ్యాహ్నం ఒకసారి వస్తున్నాడు.

తిరగేసిన అట్ట విషయంలో చేసింది తక్కువ. మనసు బాగోనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే టెలి మానస్ నంబరు 14416 పురుగు మందుల కొట్టు గోడ మీద రాయించాం, కొట్టు ఆయన ముందు వద్దన్నా తరవాత ఒప్పుకున్నారు. టెన్షన్‌గా ఉందని రాత్రి పూట తలుపు దగ్గర ఆపి మాట్లాడేవాళ్లు ఇప్పుడు కొందరున్నారు.

రిజిస్టరులో ఇప్పుడు "తాళం" అని రాయనివ్వడం లేదు. ఆ గడిలో ఎక్కడికెళ్లారు, ఎప్పుడు వస్తారు, లోపల ఎవరైనా ఉన్నారా అని మూడు ప్రశ్నలు. ఆశా అక్క మొదట్లో సణిగారు, గడి చిన్నదని. ఇప్పుడు అడ్డంగా మార్జిన్‌లో కూడా రాస్తున్నారు. మొన్న చూసిన పేజీలో ఉన్నవి: "షెడ్డు, రాత్రి 8." "ఊడ్పులు, పక్కూరు, పది రోజులు." "లోపల ముసలాయన ఉన్నారు, పిలిస్తే పలకరు, వెనక గుమ్మం తీసే ఉంటుంది." "మస్కట్, రెండేళ్లు. పిల్ల అమ్మమ్మ దగ్గర, అమ్మమ్మకి షుగరు, మాత్ర సగం విరుస్తోంది, వెళ్లి చెప్పాలి."